బూర లేని పాటల పెట్టె

మొన్నామధ్య హైదరాబాదులో ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. ఇల్లు చూపించడమన్నది ఈ రోజుల్లో సత్యనారాయణ వ్రతం కన్నా పెద్ద తంతు కదా! ఇంటావిడ నన్ను వంటింటి నుంచి పూజగది దాకా తిప్పి, చివరికి హాల్లో ఒక మూల నిలబెట్టింది. అక్కడ నగిషీల బల్ల మీద ఒక గ్రామఫోను. ధగధగలాడే ఇత్తడి బూర, దాని కింద చెక్క పెట్టె, పెట్టెకి కుక్కబొమ్మ బిళ్ళ, పక్కన తిప్పే పిడి.

"ఆంటిక్ అండీ! వందేళ్ళ నాటిది. ఎంత పెట్టి కొన్నామో చెబితే మీరు నమ్మరు," అంది.

"పాడుతుందా?" అన్నాను.

ఆవిడ నా వంక జాలిగా చూసింది. "పాడ్డం దేనికండీ? హాలుకి ఎంత నిండుదనం వచ్చిందో చూడండి!"

నిజమే, నిండుదనం వచ్చింది. కొత్త సోఫా, కొత్త టీవీల మధ్య "మాకూ ఒక తాతల కాలం ఉంది సుమా" అని చెప్పుకోడానికి ఆ బూర బాగానే పనికొస్తోంది. ఆవిణ్ణి తప్పు పట్టడానికి నేనెవర్ని లెండి! మా ఇంట్లో మాత్రం తెరవని పుస్తకాలు అద్దాల బీరువాలో బుద్ధిగా నిలబడి లేవూ? భోజనం చేసి, తాంబూలం పుచ్చుకుని వచ్చేశాను.

వారం తిరక్కుండా తరిగొప్పుల నుంచి మా మేనమామ కొడుకు ఫోను చేశాడు. "నాయనమ్మ పాటల డబ్బా ఉంది చూడు, దాన్ని పట్నం నుంచి ఎవరో వచ్చి అడుగుతున్నరు. పైసలన్నా ఇస్తరట, లేకుంటే మనమే ఇంకింత కలిపితే ఇత్తడి బూర ఉన్న గ్రామఫోనన్నా ఇస్తరట. పిల్లలు బూర ఉన్నదే కావాలంటున్నరు. నువ్వేమంటవ్?"

"నేను వచ్చేదాకా డబ్బా గడప దాటనివ్వకు బావా," అన్నాను. ఎందుకన్నానో ఆ క్షణాన నాకే తెలీదు. దారిలో ఆలోచించుకున్నాను.

దారి అంటే మీకు తెలుసో లేదో, హైదరాబాదు నుంచి వరంగల్లు రోడ్డున వెళితే జనగామకి కాస్త ముందు పెంబర్తి వస్తుంది. దేవుడి వాహనాలకీ, కవచాలకీ ఇత్తడి రేకు మీద నగిషీ చెక్కే ఊరు. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బస్సు కిటికీలోంచి ఆ దుకాణాల్లోని ఇత్తడి మెరుపు చూస్తుంటే నాకు గృహప్రవేశం నాటి బూర గుర్తొచ్చింది. ఇదీ ఇత్తడే, అదీ ఇత్తడే. కానీ పెంబర్తి ఇత్తడి తన పేరు చెప్పుకునే అమ్ముడుపోతుంది. నిన్న చేసినదాన్ని నిన్న చేశామనే చెబుతారు. వందేళ్ళ నాటిదని అబద్ధమాడాల్సిన అగత్యం దానికి లేదు!

జనగామలో దిగి, నర్మెట్ట మీదుగా తరిగొప్పుల చేరేసరికి పొద్దెక్కింది. 2016 దాకా వరంగల్లు జిల్లాలో ఉన్న ఆ ఊరు ఇప్పుడు జనగామ జిల్లాలో ఒక మండల కేంద్రం. మా అమ్మమ్మకి మాత్రం ఇప్పటికీ పాత తరిగొప్పులే.

"వచ్చినవా బిడ్డా! నా కోసం వచ్చినవా, నా డబ్బా కోసమా?" అంది. ఎనభై ఏడేళ్ళు వచ్చాయి కానీ, ఆ చురక మాత్రం తగ్గలేదు.

బావ అటక మీంచి దించి పెట్టాడు. నల్ల రెక్సిను చుట్టిన చిన్న సూట్‌కేసులాంటి పెట్టె. మూత తీస్తే లోపల ప్లేటు తిరిగే గుండ్రటి పళ్ళెం, మడతపెట్టిన చెయ్యి, దాని కొసన ముల్లు గుచ్చే సౌండు బాక్సు. బూర లేదు. ఉందిగానీ కనిపించదు. ధ్వని వెళ్ళే గొట్టం పెట్టె కడుపులోనే వంపులు తిరిగి ఉంటుంది. చేత్తో పట్టుకుని ఊరూరా తీసుకెళ్ళేందుకు చేసిన రకం ఇది. వీటిల్లో బాగా పేరుపొందినది హెచ్.ఎం.వి. వారి 102 నంబరు మోడలు, 1931లో వచ్చింది. కరెంటు అక్కర్లేదు, చావి ఇస్తే చాలు. కరెంటు తీగ చేరని పల్లెల్లో పాటని ఇంట్లోకి తెచ్చింది ఇలాంటి పెట్టెలే.

మరి పట్నం నుంచి వచ్చినవాళ్ళకి ఈ బూర లేని పెట్టె మీద అంత ప్రేమ ఎందుకు?

ఇదిగో, నా అసలు ఫిర్యాదు ఇక్కడే ఉంది. బజారులో "ఆంటిక్" పేరుతో దొరికే ఇత్తడి బూర గ్రామఫోనుల్లో చాలావాటికి వందేళ్ళు కాదు కదా, పదేళ్ళు కూడా ఉండవు. బూర కొత్తది, పెట్టె కొత్తది, కుక్కబొమ్మ బిళ్ళ కొత్తది. తిరిగే మోటారు మాత్రం పాతది. అదెక్కడి నుంచి వస్తుందంటారు? మా అమ్మమ్మ డబ్బాలాంటివాటి కడుపు కోసి తీస్తారు! మన దేశంలో తయారైన ఈ బూర గ్రామఫోనులు విదేశాలకీ వెళ్ళాయి. అక్కడి సేకర్తలు వీటికొక ఎగతాళి పేరు కూడా పెట్టుకున్నారు. అంటే చూడండి... లేని పాతదాన్ని పుట్టించడానికి, ఉన్న పాతదాన్ని చంపుతున్నామన్నమాట. పాతవస్తువుల మీద మనకు కొత్తగా పుట్టిన మోజు ఆ పాతవస్తువులకే మిత్తి అయింది.

పట్టుచీర కొనేటప్పుడు జరీ గీకి చూసే మనం, ఇక్కడ మాత్రం మెరుపు చూసి మోసపోతాం. నిజమైన బూర గ్రామఫోనులు ఎక్కువగా 1900 తర్వాతి పాతికేళ్ళవి. వాటి బూరలు చాలా మటుకు రంగు వేసిన రేకువి. పువ్వు రేకుల్లా విచ్చుకున్నట్టు ఉండేవి కొన్ని. ఇన్నేళ్ళ వయసున్న వస్తువుకి ఎక్కడో ఒకచోట సొట్ట, రంగు పోయిన మరక, చెయ్యి తగిలి తగిలి అరిగిన పిడి ఉండి తీరుతాయి. వయసొచ్చిన మనిషి ముఖాన ఒక్క ముడతా లేకపోతే అనుమానించమూ? వస్తువు సంగతీ అంతే.

పైగా ఆ బూరపెట్టె మీద ఏదైనా మంచి ప్లేటు పెట్టారో, దాని పని అయిపోయినట్టే. చాలావాటికి చెయ్యి బరువు, కొలతలూ సరిగా కుదరవు. ముల్లు గీతలో నడవడం మానేసి నాగలిలా దున్నుకుంటూ పోతుంది. అందుకే, "పాడ్డం దేనికండీ" అన్న ఆ ఇంటావిడ ఒకరకంగా పుణ్యాత్మురాలే!

ఆ కుక్కబొమ్మ కథలోనూ ఒక తమాషా ఉంది. బూర ముందు తల వాల్చి తన యజమాని గొంతు వింటున్న ఆ కుక్క పేరు నిప్పర్. ఫ్రాన్సిస్ బరాడ్ అనే చిత్రకారుడు మొదట గీసింది గ్రామఫోను ముందు కాదు, ఎడిసన్ రకం గొట్టాల ఫోనోగ్రాఫు ముందు. 1899లో గ్రామఫోను కంపెనీవారు కొనేటప్పుడు, పాత మిషను మీద రంగు పూసి తమ మిషను వేయించుకున్నారు. చూశారా, బొమ్మలోనే మిషను మారిపోయింది. మారనిదల్లా వింటున్న ఆ చెవి ఒక్కటే. నన్నడిగితే సేకర్త అనేవాడికి ఉండాల్సింది ఆ చెవి. మనవాళ్ళు కుక్క చెవిని వదిలేసి బూరని పట్టుకున్నారు.

చెవి ఉన్న సేకర్తలు మనకి లేకపోలేదు. వి.ఎ.కె. రంగారావుగారు వేలకి వేలు 78 రికార్డులు పోగుచేశారు. పోగుచేయడంతో ఆగితే ఆయనకీ పాతసామాన్ల కొట్టుకీ తేడా ఏముంది? ఏ పాట ఎవరు పాడారు, ఎవరు కట్టారు, లేబులు మీద పేరు లేని గొంతు ఎవరిది అని తవ్వి తీసి రాశారు. విక్రమ్ సంపత్ నెలకొల్పిన ఆర్కైవ్ ఆఫ్ ఇండియన్ మ్యూజిక్ కూడా తొలినాటి ప్లేట్లలోని గొంతుల్ని మళ్ళీ జనం చెవిన వేసే పని చేసింది. ఒక వస్తువు అరుదైనదా కాదా అన్నది దుకాణంలోని ధర చెప్పదు. అది పోతే దానితోపాటు ఇంకేం పోతుందో, అది చెబుతుంది.

అమ్మమ్మ మంచం కిందనుంచి ట్రంకుపెట్టె లాగాం. పాత పంచె ముక్కల్లో చుట్టి పెట్టిన ప్లేట్లు పదకొండు. రెండు పగిలిపోయాయి. పగిలిన ముక్క చేతిలోకి తీసుకుని చూశాను. ఈ ప్లేట్లు ప్లాస్టిక్కువి కావు, లక్కతో చేసినవి. లక్కలో రాతిపొడీ, మసీ కలిపి అచ్చులో ఒత్తేవారు. మన హైదరాబాదు లక్క గాజులకీ ఈ ప్లేటుకీ పుట్టిల్లు ఒకటేనన్నమాట. చెయ్యి జారితే రెండూ ఒక్కలాగే పగులుతాయి. అందులో రాతిపొడి ఉంది కనకనే ఉక్కు ముల్లు ఇట్టే అరిగిపోతుంది. ఒక వైపు పాడగానే ముల్లు మార్చాలని కంపెనీవాళ్ళు మొత్తుకునేవారు. పొదుపుగా సంసారం చేసే ఇళ్ళల్లో వినేదెవరు? అదే ముల్లుతో పదిసార్లు వేసేవారు. మన పాత ప్లేట్ల గరగరలో సగం ఆ పొదుపు చలవే!

ఆ ప్లేటుకి ఒక వైపు పట్టేది మూడు నిమిషాలు, మహా అయితే ఇంకొంచెం. ఈ మూడు నిమిషాలు మన పాటకి ఏం చేశాయో విమర్శకులు సరిగా పట్టించుకోలేదనిపిస్తుంది నాకు. నాటకాల్లో పద్యమంటే చివర రాగం తీసి, "వన్స్ మోర్" పడేదాకా సాగదీసి, చప్పట్లు పడితే మళ్ళీ మొదలెట్టడం. ప్లేటు దగ్గర ఆ పప్పు ఉడకదు. ఉన్న మూడు నిమిషాల్లో చెప్పాల్సింది చెప్పి దిగిపోవాలి. కరుణశ్రీగారి 'పుష్పవిలాపం' ఘంటసాల గొంతులో ఇంటింటికీ వెళ్ళిందంటే దానికి కారణం గొంతు ఒక్కటే కాదు, ఈ అదుపు కూడా. రాగం మాటని మింగదు. పద్యానికీ పద్యానికీ నడుమ మామూలు మాటలు వస్తాయి. ఒక పువ్వు తనని కోయబోయే మనిషి ముందు తన గోడు చెప్పుకుంటోందని చదువు రానివాళ్ళకి కూడా తెలిసిపోతుంది. ఒక మంచి కళాకారుడికి ఇరుకు కూడా గురువే.

అయితే అసలు నేను చెప్పదలుచుకున్నది ఈ ప్లేట్ల మీద ఉన్న ఆడగొంతుల గురించి.

1902 నవంబరులో కలకత్తాలో గైస్‌బర్గ్ అనే ఇంగ్లీషు కంపెనీ మనిషి మన దేశంలో పాటని మొదటిసారిగా ప్లేట్ల కెక్కించాడు. అప్పుడు పాడినవారిలో ఇవాళ్టికీ పేరు నిలిచిన మనిషి గౌహర్ జాన్. పాట చివర తన పేరు తనే ఇంగ్లీషులో చెప్పుకునేది. ప్లేట్లు జర్మనీలో అచ్చవ్వాలి, అక్కడివాళ్ళకి ఎవరి పాట ఏదో తెలియాలి కనక అలా చెప్పించేవారంటారు. కారణం ఏదైతేనేం, ఒక ఆడమనిషి తన పేరు తను గట్టిగా చెప్పుకున్న గొంతు అది. ఆ కాలంలో అది చిన్న సంగతా?

ఆ తొలినాళ్ళలో ప్లేట్లకి పాడిన ఆడవాళ్ళలో చాలామంది మర్యాదస్తులు తమ ఇళ్ళకి రానివ్వని కులాలవాళ్ళు, కళావంతులు. 1910లో ముద్దుపళని 'రాధికాసాంత్వనం' అచ్చువేసి నిందలు మోసిన బెంగుళూరు నాగరత్నమ్మగారూ ప్లేట్లకి పాడారు. ఆవిడ గడపలో అడుగుపెడితే మైలపడిపోయే ఇళ్ళల్లోకి ఆవిడ గొంతు మాత్రం దర్జాగా వెళ్ళి కూర్చుంది. గొంతుకి గడప అడ్డం రాలేదు. ఇక నాటకాల స్టేజీ మీద స్థానం నరసింహారావుగారిలాంటి మగవారు సత్యభామలై జనాన్ని మురిపిస్తున్న రోజుల్లో, ప్లేటు మీద ఆడవాళ్ళు తమ గొంతుతోనే పాడారు.

తర్వాత తర్వాత సంసార స్త్రీలూ వచ్చారు. టంగుటూరి సూర్యకుమారి గొంతులో 'మా తెలుగు తల్లికి' ఊరూరా మోగింది. రావు బాలసరస్వతీదేవి ఆరేళ్ళ పిల్లగా ప్లేటుకి పాడింది. సాలూరి రాజేశ్వరరావుతో ఆవిడ పాడిన లలితగీతాలు ఎన్ని ఇళ్ళల్లో అరిగాయో లెక్కలేదు. పెళ్ళయ్యాక పాట తగ్గించుకుంటూ వచ్చింది. మన ఆడవాళ్ళ కళల చరిత్రలో ఈ వాక్యం ఎన్నిసార్లు రాయాలో! ప్లేటే లేకపోతే ఆ గొంతు వంటింటి పొగలో కలిసిపోయేది.

పాడినవాళ్ళ సంగతి సరే, విన్నవాళ్ళో?

"అప్పట్ల మగోళ్ళంత అరుగు మీద కూసుండెటోళ్ళు," అంది అమ్మమ్మ. "మేం లోపట. మా అత్తకు పాటలంటె గిట్టకపోవు. కని చావి తిప్పెటందుకు ఒక మనిషి ఉండాలె గద! మీ తాత నన్ను పిలిచెటోడు. తలుపు పక్కన డబ్బా పెట్టుకుని, కొంగు కప్పుకుని తిప్పుకుంట కూసునేదాన్ని. చావి తిప్పే పని నాదే. అందరికంటె దగ్గర విన్నది నేనే!"

నేను హైదరాబాదు నుంచి కొత్త ముళ్ళ పొట్లం పట్టుకెళ్ళాను. ముల్లు మార్చి, చావి ఇచ్చి, 'పుష్పవిలాపం' ప్లేటు పెట్టాను. గరగరల మధ్య నుంచి గొంతు లేచింది. సగం దాకా బాగానే సాగి, స్ప్రింగు బలం చాలక పాట మెల్లగా దిగిపోసాగింది. గొంతు బరువెక్కి, సాగి, బావిలోంచి వస్తున్నట్టయింది. నేను అయ్యో అనేలోపల అమ్మమ్మ చెయ్యి, ఆ వణికే చెయ్యి, తిన్నగా పిడి మీదకి వెళ్ళింది. నాలుగు చుట్లు. పాట మళ్ళీ లేచి నిలబడింది.

అప్పుడు అర్థమైంది నాకు. చిన్నప్పటి నుంచీ అమ్మమ్మ ఆ పాట కూనిరాగం తీయడం విన్నాను. ఒకచోట ఎప్పుడూ సాగదీసి, మళ్ళీ టక్కున ఎత్తుకునేది. పువ్వు మీద జాలితో గొంతు బరువెక్కిందేమో అనుకునేదాన్ని. ఒక కథలో అలా రాశాను కూడా! అదేం కాదు. స్ప్రింగు బలం తగ్గే చోటు అది. అరవై, డెబ్బై ఏళ్ళుగా ఆవిడ పాడుతున్నది ఘంటసాల పాటని కాదు, ఈ డబ్బా పాటని.

పరీక్షించడానికి నా ఫోనులో అదే పాట పెట్టాను. ఎక్కడా సాగకుండా నీట్‌గా సాగిపోయింది. అమ్మమ్మ మొహం చిట్లించింది. "గిట్ల కాదు. తప్పు పాడుతున్నడు," అంది.

మేమంతా నవ్వాం. నవ్వాక నాకెందుకో గొంతు పట్టేసింది.

"బతుకమ్మకు పూలు కోసెటప్పుడు గా పాట యాదికొస్తది బిడ్డా," అంది మళ్ళీ. "కోస్తనే ఉంట, మన్నించమంట."

ఆ మాటతో ఇంకో సంగతి తట్టింది. ఇంత చేసిన ప్లేటుకీ పట్టనివి ఉన్నాయి. ఈ జనగామ గడ్డ మీద తెల్లవార్లూ సాగే ఒగ్గుకథ ఉంది. మాణిక్యపురం చుక్క సత్తయ్యగారు ఒంటిచేత్తో ఊళ్ళకి ఊళ్ళని కూర్చోబెట్టిన కథ. మూడు నిమిషాల ప్లేటులో అది ఎక్కడ ఇముడుతుంది? బతుకమ్మ పాట వాడ వాడకీ మారుతుంది. చప్పట్లు, అడుగులు, మధ్యలో మరదళ్ళ ఎకసెక్కాలు, అన్నీ కలిస్తేనే అది పాట. అందుకని పాత ప్లేట్లే మన పాటల చరిత్ర అంతా అనుకోవడం కూడా పొరపాటే. ప్లేటులో ఉన్నది కంపెనీవాడు అమ్ముకోగలిగినంత మేరకే. మిగిలింది అమ్మమ్మల దగ్గరుంది. ప్లేట్లకి ఆర్కైవులున్నాయి. అమ్మమ్మలకి?

ఆ సాయంత్రం బావ పట్నం వాళ్ళకి ఫోను చేసి, "ఇయ్యం" అని చెప్పేశాడు. పిల్లలు బూర కోసం కాసేపు మొహాలు ముడుచుకున్నారు గానీ, చావి తిప్పే వంతు కోసం వాళ్ళలో వాళ్ళు కొట్టుకోవడం మొదలెట్టాక బూర సంగతి మర్చిపోయారు. డబ్బా అటక ఎక్కలేదు. అమ్మమ్మ మంచం పక్కన స్టూలు మీదికి చేరింది. నేను నా ఫోనులో ఆవిడ పాటలు పద్నాలుగు రికార్డు చేసుకున్నాను. అందులో 'పుష్పవిలాపం' ఉంది, సాగే చోట సాగుతూనే.

నిన్న ఆ గృహప్రవేశం ఇంటావిడ ఫోను చేసింది. "ఏవండీ, మీరు అడిగినప్పటి నుంచీ నాకూ అనిపిస్తోంది, దాని మీద ఒక్క పాటన్నా వేసి చూడాలని. పాత ప్లేట్లు ఎక్కడ దొరుకుతాయంటారు?"

"ప్లేట్ల సంగతి తర్వాత చూద్దాంలెండి," అన్నాను. "మీ అత్తగారు మీ దగ్గరే ఉంటున్నారు కదూ? ముందు ఆవిడకే పాట వచ్చో కనుక్కోండి."